ఆఫ్ అన్న మాట

వెంకటసుబ్బారావుకి విజయవాడ ఆటోనగర్లో లారీ ఇంజన్లు రీబోర్ చేసే షాపుంది. పామర్రు దాటాక సొంత పొలం పక్కన ఒక రేకుల షెడ్డు కూడా ఉంది. షాపు ఇల్లు గడిపేది. షెడ్డులో ఆయన విమానం కట్టుకుంటున్నాడు.

విమానమంటే ఇద్దరు పట్టే చిన్నది. సన్నటి ఉక్కు గొట్టాలతో అతికిన చట్రం, దాని మీద లాగి బిగించి రంగు పూసిన గుడ్డ. గొట్టాలు ఆయన వెల్డింగ్ చేశాడు. గుడ్డ కుట్టిందీ, వైర్లు లాగిందీ, బరువుల లెక్కలు వేసిందీ కూతురు మనోజ్ఞ. విజయవాడలోనే మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, చదువైపోగానే వేరే ఉద్యోగం వెతక్కుండా తండ్రి షాపులోకే వచ్చింది. వెతకనివ్వలేదు అనడమే నిజం. తోటివాళ్ళకి ఇంటర్వ్యూలు జరుగుతున్న వారంలో ఆయన ఒక డీజిల్ పంపు విప్పి, ముక్కలన్నీ బల్ల మీద పోసి, "ఇది నువ్వు తప్ప ఎవరూ బిగించలేరమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెకి చాలాకాలం సరిపోయింది. అలాంటి మాట ఆయన మళ్ళీ అనలేదు.

విమానానికి మొదట పెట్టింది మామూలు నాలుగు సిలిండర్ల ఇంజన్. బాగానే పనిచేసింది. పొలం మధ్య చదును చేసిన మట్టిదారి మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తించి చూశారు కూడా. ఆ ఏడే వెంకటసుబ్బారావు బెంగళూరులో విమానాల ప్రదర్శన చూడటానికి వెళ్ళాడు. అక్కడ పాతకాలపు విమానం ఒకటి స్టార్టయింది. దాని ముక్కుకి బండి చక్రానికి ఆకులున్నట్టు చుట్టూ సిలిండర్లు, మధ్యలో ప్రొపెల్లర్. నీలం పొగ వదిలి, తడబడి, దగ్గి, అన్ని సిలిండర్లూ ఒక్కొక్కటిగా అందుకుని బరువుగా కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విన్నాక ఆయనకి తన ఇంజన్ మీద మనసు విరిగిపోయింది.

"కుట్టుమిషన్ చప్పుడు. నాకొద్దు," అన్నాడు ఇంటికొచ్చి.

ఎక్కడెక్కడో వాకబు చేసి, విదేశంలో ఎవరో వాడి పక్కన పెట్టిన ఏడు సిలిండర్ల రేడియల్ ఇంజన్ ఒకటి తెప్పించాడు. చెక్కపెట్టె షెడ్డు దగ్గర దిగిన రోజు ఆయన అన్నం తినలేదు. పెట్టె చుట్టూ తిరుగుతూ, దుమ్ము తుడుస్తూ సాయంత్రం దాకా గడిపాడు.

రేడియల్ బరువు పాత ఇంజన్ కన్నా బాగా ఎక్కువ. మనోజ్ఞ లెక్క వేసి షెడ్డు గోడకి బొమ్మ గీసి అంటించింది.

"ఇంజన్ని పట్టుకునే మౌంటు పొట్టిగా చెయ్యాలి నాన్నా. వీలైనంత వెనక్కి లాగాలి. బ్యాటరీ సీటు వెనక్కి మార్చాలి. లేకపోతే ముక్కు బరువైపోతుంది."

"పాత పొడవే ఉంచుదాం. చూడ్డానికి బాగుంటుంది."

"చూడ్డానికి బాగానే ఉంటుంది. తోక మాత్రం నేల మీద నిలవదు."

"నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఇంజన్లు ఎత్తి దింపుతున్నాను," అన్నాడాయన. పాత పొడవుకే వెల్డింగ్ చేశాడు.

చెయిన్ పుల్లీతో ఇంజన్ ఎత్తి బోల్టులు బిగించాక, రొయ్యలు తూచే ఎలక్ట్రానిక్ కాటాలు మూడు తెప్పించి మూడు చక్రాల కిందా పెట్టారు. తోక కింద కాటా మీద అంకె దాదాపు సున్నా దగ్గరే ఆగింది. వెంకటసుబ్బారావు నమ్మలేక ముక్కు మీద చేత్తో ఆనాడు. తోక గాల్లోకి లేచింది. మర్నాడు మనోజ్ఞ వచ్చేసరికి మౌంటు కోసేసి ఉంది. గోడ మీది బొమ్మలో ఎంతుందో సరిగ్గా అంతే పొడవుకి కొత్త గొట్టాలు కోసి పెట్టి ఉన్నాయి.

ఆ ఆదివారం పూర్ణచంద్రరావు గారు వచ్చారు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ల పని చేసి రిటైరై పటమటలో ఉంటున్న మనిషి. విమానం మొదలుపెట్టినప్పటి నుంచీ అప్పుడప్పుడూ వచ్చి చూసి సలహాలు చెప్పేవారు. కొత్త మౌంటు చుట్టూ తిరిగి, "బాగా వెనక్కి లాగారే. మంచి పని చేశారు," అన్నారు.

"నాకు ముందే తోచిందండీ," అన్నాడు వెంకటసుబ్బారావు. "ఈ పిల్ల లెక్కలు నమ్ముకుని ఉంటే ముక్కు నేలకి పొడుచుకునేది."

మనోజ్ఞ పక్కనే స్పానర్ పట్టుకుని నిలబడి ఉంది. పూర్ణచంద్రరావు గారు గోడ మీది బొమ్మ వైపూ, దాని మీది చేతిరాత వైపూ చూసి ఊరుకున్నారు.

రేడియల్ ఇంజన్ ఎలా స్టార్ట్ చేయాలో ఆ రోజే ఆయన ఇద్దరికీ నేర్పారు. ఈ ఇంజన్ ఊరికే నిలబడి ఉంటే ఆయిలు జారి కింది సిలిండర్లలోకి చేరుతుంది. అలాగే స్టార్టర్ నొక్కితే లోపల కడ్డీ వంగిపోతుంది. అందుకని ప్రతిసారీ ముందుగా ఒక మనిషి ప్రొపెల్లర్‌ని చేత్తో కొన్ని చుట్లు తిప్పాలి. అలా తిప్పేటప్పుడు ఇంజన్‌కి స్పార్క్ అందకూడదు. దీనికి స్పార్క్ ఇచ్చేది మాగ్నెటో. దానికి బ్యాటరీతో పనిలేదు, ఇంజన్ కాస్త తిరిగితే చాలు. స్విచ్ ఆఫ్ చేయడమంటే ఒక ఎర్త్ వైరు ద్వారా దాని నోరు మూయించడం.

"ప్రొపెల్లర్ దగ్గరున్న మనిషి 'స్విచ్ ఆఫ్?' అని అడగాలి," అన్నారు పూర్ణచంద్రరావు గారు. "లోపల కూర్చున్న మనిషి స్విచ్ కంటితో చూసి, చేత్తో తాకి, అప్పుడు 'ఆఫ్' అనాలి. చూడకుండా అనకూడదు. ఆ మాట విన్నాకే చెయ్యి వెయ్యాలి. ఇందులో తండ్రీ కూతుళ్ళు లేరు, ఆఫీసరూ జవానూ లేరు. బయట ఉన్నవాళ్ళ ప్రాణం లోపల ఉన్నవాళ్ళ నోట్లో ఉంటుంది."

వైర్లు బిగించిందీ, బిగించిన ప్రతి నట్టు మీదా ఎర్ర రంగు గీత అడ్డంగా గీసిందీ మనోజ్ఞే. నట్టు ఏమాత్రం కదిలినా గీత విరుగుతుంది. విమానాల పనిలో అది రివాజని ఆమె చదువుకుంది.

మొదటిసారి ఇంజన్ అందుకున్న రోజు పొలంలో కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. వెంకటసుబ్బారావు లోపల కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. ఎగరడానికి ఇంకా అనుమతి రావాల్సి ఉంది. వచ్చేదాకా నేల మీదే నడిపి చూసుకోవాలి. అలా నెలలు గడిచాయి. ఎప్పుడూ ఆయన లోపల, ఆమె ప్రొపెల్లర్ దగ్గర. "స్విచ్ ఆఫ్?" "ఆఫ్." ఆమె పొడుగ్గా చేతులు చాచి చెక్క బ్లేడు పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, లాగి వదిలేది.

ఈ నెలల్లోనే పూర్ణచంద్రరావు గారు మనోజ్ఞ గురించి హైదరాబాదులో విమానాలు బాగుచేసే ఒక కంపెనీలో తనకి తెలిసినవాళ్ళకి చెప్పారు. వాళ్ళు ఫోన్లో మాట్లాడారు, ఒకసారి పిలిపించుకుని చేత్తో పని చేయించి చూశారు, తీసుకుంటామన్నారు. తల్లి సుబ్బరత్నానికి మాత్రమే ఆ సంగతి తెలుసు.

"మీ నాన్నకి నువ్వే చెప్పు. నా నోటితో చెప్పలేను," అంది సుబ్బరత్నం.

చెప్పాలనుకున్న రోజు పొద్దున ఇంజన్ కాసేపు నడిపారు. ఆపాక వెంకటసుబ్బారావు స్విచ్ ఆఫ్ చేయడం మనోజ్ఞ విమానం కిటికీలోంచి చూసింది. మధ్యాహ్నం సుబ్బరత్నం ఆటోలో క్యారేజీ తెచ్చింది. షెడ్డు నీడలో చాప వేసుకుని ముగ్గురూ తిన్నారు. దోసకాయ పప్పు, వంకాయ కూర. పెరుగన్నం దగ్గరికొచ్చాక మనోజ్ఞ చెప్పింది.

ఆయన కలుపుతున్న చెయ్యి ఆగలేదు. "ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే నెల మొదట్లో చేరాలి."

"ఇంజన్?"

"సెలవు రోజుల్లో వస్తాను నాన్నా. అనుమతి వచ్చేసరికి అన్నీ సిద్ధం చేస్తాను."

"మంచిదే కదండీ," అంది సుబ్బరత్నం. "చదివిన చదువుకి తగ్గ పని."

ఆయన "ఊఁ" అన్నాడు. ఆఖరి ముద్ద దాకా తిని, పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచాడు. తల్లీ కూతుళ్ళు బోరు దగ్గర గిన్నెలు కడుగుతుంటే ఆయన వెళ్ళి విమానంలో ఒక్కడే కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. కోపంగా ఉన్నాడేమో అనుకుంది మనోజ్ఞ. మొహం చూస్తే కోపం కనిపించలేదు.

"రామ్మా, తిప్పు," అని పిలిచాడు.

ఆమె తడి చేతులు చున్నీకి తుడుచుకుని ప్రొపెల్లర్ ముందుకి వెళ్ళింది.

"స్విచ్ ఆఫ్?"

"ఆఫ్."

ఆమె రెండు చేతులతో బ్లేడు పట్టుకుని లాగింది. పొద్దున నడిచిన ఇంజన్, లోపల పెట్రోలు ఇంకా ఉంది. ఒకే ఒక్కసారి పేలినట్టు మోగింది. ఎడమచెయ్యి జారి తప్పుకుంది. కుడిచెయ్యి తప్పుకోలేదు. బ్లేడు తిరిగొచ్చి చేతిని తన్నుకుని వెళ్ళి, సగం చుట్టు తిరిగి ఆగిపోయింది.

మనోజ్ఞ అరవలేదు. కూర్చుండిపోయి చేతివంక చూసుకుంది. అరిచింది సుబ్బరత్నం. చేతిలో గిన్నె పారేసి పరుగెత్తింది. వెంకటసుబ్బారావు స్విచ్ దగ్గర ఏదో చేసి కిందికి దిగాడు. దిగి, కూతురి పక్కనుంచే నడిచి, ముందు బ్లేడు దగ్గరికి వెళ్ళాడు. దాని అంచు వెంబడి వేళ్ళతో తడిమాడు. చెక్క ఎక్కడా చిట్లలేదు. అప్పుడు వెనక్కి తిరిగి భుజం మీది తువ్వాలు తీశాడు.

సూర్యారావుపేట ఆస్పత్రిలో చూపుడువేలూ మధ్యవేలూ మొదలంటా తీసేశారు. ఉంగరపు వేలు మిగిలింది గానీ వంగదు. మణికట్టులో స్టీలు ప్లేట్లు వేశారు.

చూడవచ్చిన చుట్టాలందరికీ వెంకటసుబ్బారావు ఒకే మాట చెప్పాడు. "స్విచ్ ఆఫ్ లోనే ఉంది. ఎర్త్ వైరు వదులైపోయింది. వైరు వదులైతే స్విచ్ ఆఫ్ చేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే. ఆ వైరు బిగించింది ఈ పిల్లే. ఏమంటాం."

మత్తు దిగుతూ ఎక్కుతూ ఉన్న మనోజ్ఞ ఆ మాటలు మంచం మీంచే వింది. నమ్మింది కూడా. ఏ నట్టు దగ్గర ఏమరుపాటుగా ఉన్నానా అని రోజుల తరబడి వెతుక్కుంది. ఒక సాయంత్రం తండ్రితో, "సారీ నాన్నా. నేను సరిగ్గా చూసుకోలేదు. నీ పేరు పోయేది," అంది.

ఆయన ఆమె తల నిమిరాడు. "పోనీలేమ్మా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు.

హైదరాబాదుకి ఆమె ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, రాలేనని చెప్పింది. వాళ్ళు మర్యాదగా బాధపడ్డారు. ఆ రోజు నుంచీ వెంకటసుబ్బారావు మారిపోయాడు. అంత నెమ్మదైన మనిషిని ఇంట్లో ఎవరూ చూడలేదు. తనే అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. బత్తాయి తొనలు పొర తీసి నోటికి అందించేవాడు. రాత్రి భోజనం దగ్గర షాపు కబుర్లు చెప్పి నవ్వించబోయేవాడు. షాపులో ఫ్యాన్ కింద ఒక కొత్త కుర్చీ, దాని మీద మెత్త వేయించాడు.

"నువ్వక్కడ కూర్చుని చెబుతూ ఉండమ్మా, చాలు," అన్నాడు. "చేసేవాళ్ళు చేస్తారు. నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన మొహంలో తృప్తి మనోజ్ఞకి కనిపించింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

కట్లు విప్పాక ఒకరోజు, ఆయన షాపులో ఉండగా, ఆమె బస్సెక్కి పామర్రు వెళ్ళింది. షెడ్డు తాళం తీసి ఇంజన్ మీది గుడ్డ తొలగించింది. కుడి మాగ్నెటో ఎర్త్ వైరు, ఎడమ మాగ్నెటో ఎర్త్ వైరు. రెండు నట్ల మీదా తను గీసిన ఎర్ర గీత ఎక్కడా విరగలేదు. ఎవరూ వాటిని విప్పలేదు, మళ్ళీ బిగించలేదు. మీటరు తెచ్చి స్విచ్ వేసీ తీసీ చూసింది. ఆఫ్‌లో పెట్టిన ప్రతిసారీ రెండు మాగ్నెటోలూ నోరు మూసుకున్నాయి. ఎడమచేతి పని కాబట్టి ఆలస్యమైంది. అయినా మళ్ళీ మొదటి నుంచీ చూసింది. అదే జవాబు వచ్చింది.

ఇంటికి వచ్చి తల్లికి చెప్పింది. సుబ్బరత్నం చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

"మర్చిపోయి ఉంటారే," అంది. "నువ్వు వెళ్ళిపోతానన్నావు. మనసు బాగాలేదు. చూడకుండా ఆఫ్ అనేసి ఉంటారు. తర్వాత ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు."

"పొద్దున ఆఫ్ చెయ్యడం నేను చూశానమ్మా. భోజనానికి ముందు ఆఫ్‌లో ఉన్నది, ఆయన ఒక్కడే కూర్చున్నాక ఆన్ ఎలా అయింది?"

సుబ్బరత్నం ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

"నీకు తెలుసు కదూ?"

"నాకేం తెలుసు. ముందు ఆ చెక్క తడిమి చూసుకున్నారు, అంతవరకే నేను చూసింది," అంది సుబ్బరత్నం. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తెలిసి ఏం చేస్తావు? పోలీసులకి చెబుతావా? ఈ చేత్తో ఎక్కడికి పోతావు? ఇప్పుడు ఎంత బాగా చూసుకుంటున్నారో చూస్తున్నావుగా," అంది.

మనోజ్ఞ ఆ రాత్రి తండ్రి పెట్టిన ముద్దలు తింది. తర్వాతి రోజుల్లో కూడా తింది. షాపులో ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని, అడిగినవాళ్ళకి చెబుతూ ఉండిపోయింది. ఆయనకి అనుమానం రాలేదు.

కొన్నాళ్ళకి హైదరాబాదు నుంచి, విమానాలు సొంతంగా కట్టుకునేవాళ్ళు కొందరు ఇంజన్ చూడటానికి వస్తామన్నారు. వెంకటసుబ్బారావు షెడ్డు ముందు షామియానా వేయించాడు. పూర్ణచంద్రరావు గారు కూడా వచ్చారు. ప్రమాదం తర్వాత ఆయన రావడం అదే మొదలు. మనోజ్ఞ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చూశారు.

అందరూ కాఫీలు తాగుతుంటే మనోజ్ఞ వెళ్ళి విమానంలో ఎక్కి కూర్చుంది.

"నాన్నా, ఇవ్వాళ నేను లోపల ఉంటాను," అంది అందరికీ వినిపించేలా. "నువ్వు తిప్పు. నేను తిప్పలేను కదా."

వచ్చినవాళ్ళు ఆ పిల్ల ధైర్యానికి ముచ్చటపడ్డారు. ఒకతను ఫోన్ తీసి వీడియో పట్టుకున్నాడు. వెంకటసుబ్బారావు నవ్వుతూనే ప్రొపెల్లర్ ముందుకి వచ్చాడు. బ్లేడుకి ఎదురుగా నిలబడ్డాక కూతురి మొహం విమానం ముందు అద్దంలోంచి కనబడింది.

"స్విచ్ ఆఫ్?" అన్నాడు.

ఆమె కిందికి చూడలేదు. దేన్నీ తాకలేదు. ఆయన కళ్ళలోకే చూస్తూ, "ఆఫ్," అంది.

ఆయన చేతులు లేచాయి. బ్లేడు దాకా వెళ్ళి ఆగాయి.

"స్విచ్ ఆఫ్ లోనే ఉందా?"

"ఆఫ్ నాన్నా."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. వైరు కూడా గట్టిగానే ఉంది. నేను బిగించిందే. ఆ రోజు కూడా గట్టిగానే ఉంది."

ఆయన చేతులు కిందికి దిగాయి. చొక్కా వీపు మీద తడిసిపోయింది. వచ్చినవాళ్ళు ఏమీ అర్థంకాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీడియో తీస్తున్నతను ఫోన్ దించేశాడు. వెంకటసుబ్బారావు రెక్క కింద నుంచి చుట్టూ తిరిగి లోపలికి తొంగి చూడబోయాడు. మనోజ్ఞ మిగిలిన వేళ్ళున్న చేతిని స్విచ్ మీద కప్పింది.

"నా మాట నమ్మవా?" అంది.

ఆయన ఆ చేతివంకే చూస్తూ నిలబడ్డాడు. ఈలోగా పూర్ణచంద్రరావు గారు దగ్గరికి వచ్చారు.

"వెళ్ళిపోతానన్నావుగా," అన్నాడు వెంకటసుబ్బారావు, చాలా మెల్లగా. కూతురికీ పూర్ణచంద్రరావు గారికీ తప్ప ఆ మాట ఎవరికీ వినిపించలేదు. అన్నాక ఆయన షామియానా వైపు నడిచి, ఇంజన్లో ఏదో చిన్న ఇబ్బంది ఉందని, భోజనాలు వడ్డిస్తారని చెప్పాడు.

పూర్ణచంద్రరావు గారు లోపలికి చెయ్యి పెట్టి మనోజ్ఞ చేతిని పక్కకి జరిపారు. స్విచ్ ఆన్‌లో ఉంది. రెండు మాగ్నెటోలూ ఆన్‌లో ఉన్నాయి. ఆయన దాన్ని ఆఫ్ చేసి, రెండుసార్లు తాకి చూసుకుని, "దిగమ్మా," అన్నారు.

ఇద్దరూ పొలం గట్టు మీదుగా రోడ్డు వైపు నడిచారు. మనోజ్ఞ భుజానికి సంచి తగిలించుకుని ఉంది. ఇంటికి తిరిగి వెళ్ళనని బయల్దేరేటప్పుడే నిశ్చయించుకుంది.

"మీ నాన్న చెయ్యి వేసి ఉంటే?" అన్నారు పూర్ణచంద్రరావు గారు.

"వెయ్యడని తెలుసు సార్."

"వేస్తే?"

ఆమె సంచి పట్టీ సర్దుకుని ముందుకి నడిచింది. రోడ్డు మీదికి వచ్చేదాకా ఆయన జవాబు కోసం ఎదురుచూశారు.

"హైదరాబాదు వాళ్ళు మళ్ళీ అడిగారు," అన్నారు ఆయన. "చేత్తో పని కుదరకపోయినా, పరీక్షించే విభాగంలో చోటుందన్నారు. నీకు చెబుదామనే ఇవాళ వచ్చాను."

మనోజ్ఞ ఆయన వైపు తిరిగింది.

"ఇప్పుడు వాళ్ళకి నీ పేరు చెప్పలేను," అన్నారాయన. "మీ నాన్న చేసింది మనిషి చేసే పని కాదు. కేసు పెడతానంటే సాక్ష్యం నేను చెబుతాను. కానీ నువ్వు కూడా ఆన్‌లో పెట్టి ఆఫ్ అన్నావు. ఆ మాట అలా అనగలిగిన మనిషిని నేను ఏ ఇంజన్ దగ్గరికీ పంపలేను."

"ఆయన అన్నాడు కాబట్టే అన్నాను సార్."

"తెలుసు," అన్నారాయన. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అయినా మాట మార్చుకోలేదు. బస్సు వస్తే తనే చెయ్యెత్తి ఆపారు.

ఆమె కేసు పెట్టలేదు. గన్నవరం వైపు ఒక ట్రాక్టర్ల షోరూములో, బండ్లు తెచ్చిన రైతుల దగ్గర ఫిర్యాదులు విని లోపలికి చెప్పే పనిలో చేరింది. లేడీస్ హాస్టల్లో గది తీసుకుంది. ఎడమచేత్తో రాయడం, జడ వేసుకోవడం, కూరలు తరగడం నేర్చుకుంది. రైతులు ట్రాక్టర్ దింపుతుంటేనే చప్పుడు విని జబ్బేమిటో ఆమెకి తెలిసిపోయేది. లోపల మెకానిక్కులు ఆమె మాటకి అలవాటుపడ్డారు.

వెంకటసుబ్బారావు మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేయలేదు. ప్రొపెల్లర్ తిప్పడానికి ఎంతమందిని పిలిచినా, షెడ్డులో జరిగింది ఊరంతా ఏదో ఒక రూపంలో పాకిపోయింది కాబట్టి, ఎవరూ చెయ్యి వేయలేదు. ఇంజన్ వానాకాలం మొత్తం అలాగే నిలబడిపోయింది. చివరికి కోయంబత్తూరు నుంచి ఎవరో వచ్చి విప్పుకుని పట్టుకెళ్ళారు.

సుబ్బరత్నం వారానికోసారి ఫోన్ చేస్తుంది. స్పీకరులో పెడుతుంది. తల్లి మాట్లాడుతున్నప్పుడు వెనక ఫ్యాన్ చప్పుడూ, కుర్చీ కిర్రుమనడమూ, ఎవరో గొంతు సవరించుకుని ఆపుకోవడమూ మనోజ్ఞకి వినిపిస్తాయి. ఆయన వింటున్నాడని తెలుసు. ఫోన్ పెట్టేయదు. ఏ కూర వండుకుందో, హాస్టల్లో నీళ్ళు ఎప్పుడొస్తాయో, పక్క గది అమ్మాయికి ఎక్కడ సంబంధం కుదిరిందో, అన్నీ నింపాదిగా చెబుతుంది.

"పని ఎలా ఉందే?" అని అడుగుతుంది సుబ్బరత్నం, ఎవరో పక్కనుంచి అడిగించినట్టుగా.

"బాగానే ఉంది," అంటుంది మనోజ్ఞ. అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు.